అడవికి లోపలెంత?

ఈ దేశపు రైళ్లు పరుగెత్తే పట్టాల్లో ఎక్కువ భాగం ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌లో తయారైనవే. తరాల క్రితం వచ్చి స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకూ అన్నం పెట్టింది అక్కడి ఉక్కు కర్మాగారమే. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. దానికి కావలసిన ఇనుప ఖనిజం దల్లీ-రాజహరా గనుల నుంచి వస్తోంది. అక్కడి నిల్వలు తరిగిపోతుండడంతో చూపు బస్తర్ ప్రాంతంలోని రావ్‌ఘాట్ కొండల మీద పడింది. అక్కడికి 95 కిలోమీటర్ల రైలు మార్గం తలపెట్టారు. 2022లో అంతాగఢ్ దాకా ప్రయాణికుల బండి వెళ్లింది. దారి పొడవునా సాల, తునికి, ఇప్ప చెట్లు.

ఈ మార్గం కోసం ఎంత అడవి పోయిందని అడిగితే హెక్టార్లలో ఒక అంకె చెబుతారు. నా దృష్టిలో అది సగం జవాబే.

పది కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పున్న అడవిని తీసుకోండి. చుట్టూ అంచు నుంచి కిలోమీటరు వదిలేస్తే లోపలి అడవి 64 చదరపు కిలోమీటర్లు. నడిమధ్య నుంచి 30 మీటర్ల వెడల్పున దారి కొడితే నరికేది 0.3 చదరపు కిలోమీటర్లే. కానీ కొత్తగా రెండు అంచులు పుడతాయి. లోపలి అడవి 48కి పడిపోతుంది. అంటే నాలుగో వంతు మాయం! నివేదికలో మాత్రం అడవి దాదాపు చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది.

అంచున ఎండ పక్క నుంచి కొడుతుంది. నేలలో తేమ ఆరిపోతుంది, లంటానా పొద కమ్ముకుంటుంది, వేసవి మంటలు సులువుగా లోపలికి పాకుతాయి. 1979లో బ్రెజిల్‌లోని మనౌస్ దగ్గర థామస్ లవ్‌జాయ్ 1, 10, 100 హెక్టార్ల అడవి ముక్కల మీద మొదలుపెట్టిన అధ్యయనం ఈ సంగతిని ఏళ్ల తరబడి నమోదు చేసింది. అంచు దగ్గరి మహావృక్షాలు లోపలి వాటికంటే త్వరగా చనిపోయాయి. 2015లో నిక్ హడాడ్ బృందం ఉపగ్రహ పటాలతో ప్రపంచమంతటినీ కొలిచింది. మిగిలిన అడవిలో 70 శాతం అంచుకు కిలోమీటరు లోపే ఉందని తేల్చింది.

మన దగ్గర హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం శాస్త్రవేత్తలూ అడవి ముక్కలను లెక్కగట్టారు. అయినా పత్రికల్లో పతాక శీర్షికకు ఎక్కేది మొత్తం విస్తీర్ణమే. అటవీ సర్వే లెక్కలో హెక్టారుకు మించిన నేలలో పది శాతం చెట్ల నీడ ఉంటే చాలు, తోటైనా అడవి విస్తీర్ణంలో చేరుతుంది. భిలాయ్ దగ్గర నందిని సున్నపురాయి గనుల పాడు నేలలో మొక్కలు నాటారు, సంతోషమే. కానీ రావ్‌ఘాట్‌లో తెగిన లోతును నందిని పూడ్చలేదు.

రావ్‌ఘాట్ నుంచి జగ్దల్‌పూర్‌కు మరో 140 కిలోమీటర్ల మార్గానికి ఆమోదం లభించింది. పెంచ్ పులుల అడవి మీదుగా వెళ్లే 44వ జాతీయ రహదారి కింద జంతువుల కోసం దారులు వదిలారు. వాటిలోంచి పులులు నడిచి వెళ్లడం కెమెరాలకు చిక్కింది. బస్తర్ మార్గంలో అలాంటివి ఎక్కడెక్కడ కావాలో, ఏ మలుపు తిప్పితే లోపలి అడవి ఎంత మిగులుతుందో పట్టాలు పరవకముందే కొలిచి, ఆ ఊళ్ల గ్రామసభల ముందు పెట్టాలి.