ఎయిర్ తీస్తే పోయే జబ్బు కాదిది

అపోహ: పాత జీపుకు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు బిగించి, పైపుల్లో ఎయిర్ తీస్తే చాలు, కారులా ఆగుతుంది.

వాస్తవం: ఆగదు. మా బాబాయి కొడుకు డీజిల్ జీపు పోయిన వానాకాలం అనంతగిరి ఘాట్ దిగుతుంటే బ్రేక్ పెడల్ ఫ్లోరుకు తగిలింది. గేరు తగ్గించి, కొండవైపు గట్టుకు రాసుకుంటూ ఆపాడు కాబట్టి ఈ కథ చెప్పడానికి మిగిలాడు. డిస్కులు పెట్టించి నెల కాలేదు. షెడ్డులో మాత్రం ఒకటే పాట: "ఎయిర్ ఉందన్నా, ఇంకోసారి తీద్దాం." అప్పటికి మూడుసార్లు తీశారు. పాపం, ఆ గాలి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?

అసలు సంగతి మాస్టర్ సిలిండర్‌లో ఉంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ములున్న పాత బండిలో, పైపుల్లో ఎప్పుడూ సుమారు 10 పీఎస్‌ఐ ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. డ్రమ్ములో షూలను వెనక్కి లాగే స్ప్రింగులు ఉంటాయి గనుక ఆ ఒత్తిడితో ఇబ్బంది లేదు. డిస్కు కాలిపర్‌లో ఆ స్ప్రింగులు లేవు. అదే వాల్వు ఉంచేస్తే ప్యాడ్లు డిస్కును రుద్దుతూనే ఉంటాయి. ఘాట్‌లో ఆ వేడికి బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది, కాలు కిందికి పోతుంది. చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడుతుంది, "చూశారా, బాగానే ఉంది" అంటారు.

పోనీ ఆ వాల్వు పీకేస్తే? విల్లీస్ తరహా బండ్లలో మాస్టర్ సిలిండర్ ఫ్లోరు కింద, ఛాసిస్ మీద ఉంటుంది. కాలిపర్ దానికన్నా ఎత్తులో ఉంటే ఆయిల్ మెల్లగా వెనక్కి జారిపోతుంది. ఉదయం మొదటి నొక్కుకు బ్రేక్ ఉండదు, రెండోదానికి పడుతుంది. దీన్నీ ఎయిర్ ఖాతాలోనే వేస్తారు. దీనికి మందు డిస్కుల లైనులో 2 పీఎస్‌ఐ వాల్వు, వెనక డ్రమ్ముల లైనులో 10 పీఎస్‌ఐ వాల్వు. రెండు లైన్లు వేరు కావాలంటే జంట సర్క్యూట్ మాస్టర్ సిలిండర్ వేయాల్సిందే. పాత ఒంటి సర్క్యూట్‌లో ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేక్ పోతుంది. డిస్కుల కిట్ అమ్మేవాడు ఇది ఎందుకు చెబుతాడు?

ఇక కాలి నొక్కుకు బలం కలిపే బూస్టర్. డ్రమ్ములో తిరిగే చక్రమే షూను మరింత లోపలికి లాక్కుంటుంది, డిస్కుకు ఆ సాయం లేదు. కాలుతోనే అంత బలం పెట్టాలి, లేదా బూస్టర్ వేయాలి. బూస్టర్ నడిచేది వ్యాక్యూమ్‌తో, డీజిల్ ఇంజిన్‌లో పెట్రోలు బండిలాగా అది ఊరికే దొరకదు. ఆల్టర్నేటర్ వెనక వ్యాక్యూమ్ పంపు ఉందో లేదో చూడకుండా బిగించిన బూస్టర్ ఉత్త అలంకారం.

ఇంకొకటి చెబితే నవ్వొస్తుంది. కుడి కాలిపర్ ఎడమకు, ఎడమది కుడికి బిగిస్తే ఎయిర్ తీసే నిపిల్ కిందికి వస్తుంది. గాలి పైకి పోతుందని బడిపిల్లలకూ తెలుసు. మా వాడి జీపులో ఇదీ జరిగింది. అలా ఉంటే ఏడాదంతా ఎయిర్ తీసినా బుడగ పైనే కూర్చుంటుంది.

మిగతా అపోహలు ఒక్కో మాటలో:

"పంపింగ్ కొడితే పెడల్ పైకొచ్చింది, బాగుంది." పైకొచ్చిందంటేనే బాగోలేదు. గాలైనా ఉంది, వెనక షూలు వదులుగానైనా ఉన్నాయి.

"డాట్ 5 బ్రేక్ ఆయిల్ డాట్ 4 కన్నా మేలు." డాట్ 5 సిలికాన్, డాట్ 4తో కలవదు. 5.1 వేరే సరుకు.

"అర్జెంటుకు కాస్త ఇంజిన్ ఆయిల్ పోయొచ్చు." రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

"తీసిన ఆయిల్ వడకట్టి వాడుకోవచ్చు." చట్నీ కాదు కదా.

ఒక్కదానికి మాత్రం, ఇష్టం లేకపోయినా, తలూపాలి. "నిపిల్ వదిలేసి టీ తాగి రా, గాలి దానంతటదే పోతుంది" అంటారు పెద్ద మేస్త్రీలు. నిజమే, పోతుంది. మాస్టర్ ఆయిల్ డబ్బా చక్రాలకన్నా బాగా ఎత్తులో ఉండాలి, అది ఖాళీ కాకుండా ఎవరో ఒకరు చూస్తుండాలి. ఫ్లోరు కింద మాస్టర్ ఉన్న బండి దగ్గర మాత్రం టీ ఒక్కటే దక్కుతుంది.

కాబట్టి మొదట వెనక షూలు సర్దండి. తర్వాత మాస్టర్‌కు దూరంగా ఉన్న చక్రంతో ఎయిర్ తీయడం మొదలుపెట్టండి. మన కుడి స్టీరింగ్ బండ్లలో అది మామూలుగా వెనక ఎడమది. పెడల్ నొక్కేవాణ్ణి నిపిల్ బిగించాకే వదలమనండి. సీలు విప్పని డబ్బానే వాడండి, ఎందుకంటే బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. చివరగా పెడల్‌ను ఒక నిమిషం నొక్కిపట్టండి. మెల్లగా కిందికి జారి, ఎక్కడా కారడం కనిపించకపోతే మాస్టర్ లోపల లీకుంది. ఇంజిన్ ఆపి నాలుగుసార్లు నొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు.

ఇదంతా మీ వాకిట్లోనే చేసుకునే పని. మా వాడికి ఘాట్ రోడ్డు మీద తెలిసింది.