తెర లేని నాటకం: బాదల్ సర్కార్ ‘శతాబ్ది’

‘ఏవం ఇంద్రజిత్’ నాటకంతో దేశమంతటా పేరు పొందిన బెంగాలీ రచయిత బాదల్ సర్కార్ (1925–2011) వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరు, నగర ప్రణాళికా నిపుణుడు. 1967లో కలకత్తాలో ఆయన స్థాపించిన ‘శతాబ్ది’ బృందం తొలినాళ్లలో తెర, దీపాలు, సెట్టింగులు ఉన్న వేదికపైనే ప్రదర్శనలిచ్చినా, 1970ల ఆరంభంలో ఆ వేదికను వదిలి భారతీయ ప్రయోగాత్మక నాటకానికి కొత్త బాట వేసింది.

సర్కార్ దృష్టిలో జాత్రా వంటి జానపద ప్రదర్శనలు మొదటి రంగస్థలం కాగా, ఆంగ్లేయుల పాలనలో నగరాల్లో వేళ్లూనుకున్న పాశ్చాత్య పద్ధతి నాటకం రెండవది. మొదటిదానికి జనంతో చనువు ఉన్నా భావాలు పాతబడ్డాయని, రెండవదానిలో కొత్త ఆలోచనలున్నా అవి నగరం పొలిమేర దాటడం లేదని గమనించిన ఆయన, రెండింటి బలాలనూ కలిపి ‘థర్డ్ థియేటర్’ను, అంటే మూడవ రంగస్థలాన్ని ప్రతిపాదించారు. నాటకం ఎక్కడైనా ఒదగాలని, సులువుగా ఊరూరా తరలిపోగలగాలని, తక్కువ ఖర్చుతో నడవాలని ఆయన నియమం పెట్టుకున్నారు.

నటుడి దేహాన్నే ప్రధాన సాధనంగా చేసుకున్న పోలెండ్ దర్శకుడు యెర్జీ గ్రోటోవ్‌స్కీ ప్రభావం సర్కార్‌పై ఉంది. అయితే గ్రోటోవ్‌స్కీ కొద్దిమంది ప్రేక్షకుల మధ్య నటుడి అంతరంగాన్ని శోధించగా, సర్కార్ ఆ నిరాడంబరతను సామాన్య జనం చెంతకు చేరే మార్గంగా మలచుకున్నారు.

ఈ పద్ధతి ‘మిఛిల్’ (1974)లో స్పష్టంగా కనిపిస్తుంది. మిఛిల్ అంటే ఊరేగింపు. నటులు నడిచేందుకు ప్రేక్షకుల ఆసనాల నడుమ దారులు వదలగా, అవే కలకత్తా వీధులవుతాయి. ఊరేగింపులు చూసేవారిని ఒరుసుకుంటూ సాగిపోతుంటే, హత్యకు గురైన ఖోకా అనే యువకుడు తాను చనిపోయానని ఎంత మొత్తుకున్నా, ఎవరూ చనిపోలేదని పోలీసు అధికారి జనాన్ని ఇళ్లకు పంపేస్తుంటాడు. చీకట్లో కూర్చుని దూరం నుంచి చూసే వీలు లేకపోవడంతో, ఆ అన్యాయానికి ప్రేక్షకుడు కూడా సాక్షిగా నిలబడవలసి వస్తుంది.

ఆర్థిక వ్యవహారాల్లోనూ శతాబ్ది ఇదే నిష్ఠ పాటించింది. కర్జన్ పార్కు వంటి బహిరంగ స్థలాల్లో టిక్కెట్టు లేకుండా ప్రదర్శనలిస్తూ, ప్రేక్షకులు ఇష్టపూర్వకంగా ఇచ్చిన విరాళాలనే స్వీకరించింది. నటులు జీతం ఆశించకుండా, జీవనోపాధికి వేరే పనులు చేసుకుంటూ సాధన సాగించారు. తెర, దీపాలు, సెట్టింగులు తొలగినప్పుడు నటుడి దేహం, కంఠం, నిజాయితీ తప్ప ఆధారమేదీ మిగలదు కనుక, ఇది ఖర్చు తగ్గించినా సాధన భారాన్ని పెంచే మార్గం. చెప్పవలసిన మాట బలంగా ఉన్నవారికి పెట్టుబడి లేమి అడ్డంకి కాదని శతాబ్ది ఆచరణలో నిరూపించింది.