కారు 15 ఏళ్లు దాటినా కండిషన్‌లో ఉండాలంటే.. ఏం చేయాలి?

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. అంటే 2011లో ఏపీ 04 నంబరుతో రోడ్డెక్కిన కారుకు 2026లో గడువు తీరుతుంది. ఆ తర్వాత కూడా నడపాలంటే తనిఖీలో పాసై ఆర్సీ రెన్యువల్ చేయించుకోవాలి. అప్పటికి బండి పాసవుతుందా, తుక్కుకు పోతుందా అన్నది చాలావరకు మన రోజువారీ అలవాట్ల మీదే ఆధారపడి ఉంటుంది. ముద్దనూరు నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు తిరిగే కార్లకు ఎండ, దుమ్ము కూడా తోడవుతాయి. అందుకే ఇక్కడ ఇంకాస్త జాగ్రత్త అవసరం.

ఎయిర్ ఫిల్టర్: మాన్యువల్ గడువు సరిపోదు

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, ఆర్టీపీపీ బూడిద టిప్పర్ల వల్ల ఈ రోడ్లపై దుమ్ము ఎక్కువ. చాలా కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అప్పుడు సర్వీసు చేయించాలి. కానీ దుమ్ము ప్రాంతాల్లో తిరిగే బండికి ఇంకా త్వరగా చేయించాలని కంపెనీల మాన్యువల్సే చెబుతాయి. ఫిల్టర్ మూసుకుపోతే పికప్, మైలేజీ పడిపోతాయి. చిరిగితే దుమ్ము నేరుగా ఇంజిన్‌లోకి వెళ్లి లోపలి భాగాలను అరగదీస్తుంది. 5,000 కిలోమీటర్లకోసారి తీసి చూడండి.

రేడియేటర్‌లో బోరునీళ్లు పోయొద్దు

ఉప్పు, సున్నం ఉన్న నీటితో లోపల పొర కడుతుంది, తుప్పు పడుతుంది. చివరకు ఇంజిన్ వేడెక్కుతుంది. కంపెనీ చెప్పిన కూలెంట్‌నే వాడాలి. కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్ కలపాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మూత తీయకూడదు.

ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించాలా?

వద్దు. చాలామంది చేసే పొరపాటు ఇదే. గాలి తక్కువైతే టైరు పక్కభాగం ఎక్కువగా వంగి, మరింత వేడెక్కి పేలే ప్రమాదం పెరుగుతుంది. డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్‌పై ఉన్న ప్రెషర్‌నే పాటించండి. 15 రోజులకోసారి, బండి నడపక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడండి. ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే టైరు మార్చాల్సిందే. టైరు వయసు దాని మీదే ఉంటుంది. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం.

డీజిల్ కారు ఊళ్లోనే తిప్పుతున్నారా?

2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్‌-6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. రోజూ రెండు కిలోమీటర్లే తిప్పితే ఫిల్టర్ మూసుకుపోతుంది. మార్చాలంటే ఖర్చు భారీగా ఉంటుంది. వారానికోసారైనా హైవేపై నిలకడగా 20 నిమిషాలు నడపండి. లాంగ్ డ్రైవ్ తర్వాత టర్బో ఇంజిన్‌ను వెంటనే ఆపకుండా నిమిషం పాటు ఐడిల్‌లో ఉంచండి.

క్లచ్‌పై కాలు వద్దు

గేరు మార్చాక కాలు తీసి పక్కన పెట్టండి. లేదంటే క్లచ్ ప్లేటు త్వరగా అరిగిపోతుంది. దిగుడులో న్యూట్రల్ వేయకండి. కింది గేరులో దిగితే బ్రేకులపై భారం తగ్గుతుంది.

ఆర్సీ రెన్యువల్ ఎలా?

గడువు ఎప్పుడు తీరుతుందో ఎం-పరివాహన్ యాప్‌లో చూసుకోవచ్చు. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేయొచ్చు. తనిఖీలో పాసైతే మరో ఐదేళ్లు పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు రూ.600 నుంచి రూ.5,000కు పెరిగింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో దాన్ని రూ.10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం.

సర్వీసు బిల్లులన్నీ ఒకచోట దాచుకోండి. బండి అమ్మేటప్పుడు మంచి రేటు రావడానికి అవే ఆధారం.