ఒకరికొకరు రక్షణగా

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఇంటిపట్టున ఉండటమే క్షేమమని మనమందరం విన్నాం. రక్త క్యాన్సర్ రోగి ఉన్న కుటుంబాలకు మాత్రం ఆ క్షేమం కూడా పూర్తిగా దక్కలేదు. కీమోథెరపీ ఆపితే వ్యాధి ముదురుతుంది. చికిత్స కోసం రాజానగరమో, విశాఖపట్నమో, హైదరాబాదో వెళితే దారిలో వైరస్ సోకవచ్చు. పైగా ఆ మహమ్మారి కాలంలో ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింటిలోకి అత్యధిక కేసులు నమోదైనది ఉమ్మడి తూర్పు గోదావరిలోనే. గోదావరికి ఇరువైపులా ఉన్న మన ఇళ్లలో జబ్బుపడిన భార్యను భర్త, భర్తను భార్య ఎలా కాపాడుకోవాలన్నది జీవన్మరణ సమస్య అయింది. మహమ్మారి తగ్గినా వైరస్ పోలేదు. ఆనాటి పాఠాలను మనం మరువరాదు.

ప్రమాదం ఎందుకు ఎక్కువ?

ల్యుకేమియా, లింఫోమా, మైలోమా ప్రధానమైన రక్త క్యాన్సర్లు. రోగాలతో పోరాడవలసిన తెల్ల రక్తకణాలనూ, వాటి పుట్టినిల్లయిన ఎముక మజ్జనూ ఇవి దెబ్బతీస్తాయి. క్యాన్సర్‌ను అణచే మందులు కూడా వ్యాధినిరోధక శక్తిని మరింత తగ్గిస్తాయి. న్యూట్రోఫిల్స్ అనే కణాలు మైక్రోలీటరు రక్తంలో 500 కన్నా తగ్గితే మామూలు ఇన్ఫెక్షన్ సైతం ప్రాణాంతకం కాగలదు.

2021 మార్చి 1 నుండి మన దేశంలో 45 ఏళ్లు దాటిన రక్త క్యాన్సర్ రోగులకు కొవిడ్ టీకా ఇవ్వసాగారు. అయితే రిటుక్సిమాబ్ వంటి మందులు యాంటీబాడీలకు మూలమైన బి కణాలనే తొలగిస్తాయి. అందువల్ల కొందరు రోగులలో టీకా తగినంత రక్షణ ఇవ్వలేదు. అలాంటి ఇంట్లో తక్కినవారందరూ టీకా వేయించుకోవడం రోగి చుట్టూ గోడ కట్టడం వంటిది. ఎవరికి ఏ టీకా, ఎప్పుడు అన్నది చికిత్స చేస్తున్న వైద్యుణ్ణే అడగాలి.

సేవ కూడా ఆరాధనే

హిజ్రీ 2వ సంవత్సరంలో ముస్లిములు బద్ర్‌కు బయలుదేరినప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలోనే ఉండిపోయారు. ఆయన సతీమణి, దైవప్రవక్త (స) కుమార్తె అయిన హజ్రత్ రుఖయ్యా (రజి) తీవ్ర అస్వస్థతతో ఉన్నారు. ఆమెకు సేవ చేయమని దైవప్రవక్తే (స) ఆయనను ఆపారు. బద్ర్‌లో పాల్గొన్నవారితో సమానమైన పుణ్యం ఆయనకు ఉంటుందని చెప్పారు. విజయవార్త మదీనా చేరేసరికి రుఖయ్యా (రజి) ఖననం జరుగుతోంది. ఆమె స్వస్థత పొందలేదు, అయినా ఉస్మాన్ (రజి) చేసిన సేవ విలువ తగ్గలేదు.

రోగిని కనిపెట్టుకుని ఉండటం జుమా, జమాఅత్‌లకు రాలేకపోవడానికి తగిన కారణమని ఫిఖహ్ పండితులు ఏనాడో పేర్కొన్నారు. తమ పరిస్థితిని స్థానిక ఆలిమ్‌కు వివరించి సలహా తీసుకోవచ్చు. మస్జిదులు తిరిగి తెరుచుకున్నాక కూడా భార్య కోసం ఇంట్లోనే నమాజు చేసుకున్న వ్యక్తి ఈమాన్‌ను శంకించే హక్కు మనకు లేదు.

తఖ్దీర్‌లో ఉన్నది తప్పదు కదా, ఇంత జాగ్రత్త దేనికని కొందరు అడుగుతారు. సిరియాలో ప్లేగు వ్యాపించిందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ నుండి వెనుదిరిగినప్పుడు హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఇదే ప్రశ్న వేశారు. అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధి వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) జవాబిచ్చారు.

ఇంట్లో పాటించవలసినవి

రోగికి గాలి, వెలుతురు వచ్చే గది కేటాయించాలి. బజారు పనులు ఒక్కరే చూసుకోవాలి. ఇంట్లో ఎవరికి జలుబు, దగ్గు వచ్చినా వేరే గదిలో పడుకోవాలి, వేరుగా తినాలి; తప్పనిసరిగా రోగి దగ్గరకు వెళ్లవలసివస్తే ఎన్-95 మాస్కు ధరించాలి. రోగికి కాచి చల్లార్చిన నీరు, బాగా ఉడికిన ఆహారం ఇవ్వాలి.

జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే తెల్లవారేదాకా ఆగకూడదు. పారాసిటమాల్ వేసి చూద్దామనుకుంటే విలువైన గంటలు పోతాయి. వెంటనే వైద్యునికి ఫోన్ చేసి ఆసుపత్రికి బయలుదేరాలి. అందుకోసం రిపోర్టుల ఫైలు, ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఒకే సంచిలో ఉంచాలి. అర్ధరాత్రి పిలిచినా వచ్చే వాహనం ఎవరిదో ముందే మాట్లాడిపెట్టుకోవాలి. రమజాన్‌లో రోజా ఉండాలని రోగి పట్టుబడితే, రోగులకు అల్లాహ్ ఇచ్చిన మినహాయింపును ప్రేమగా గుర్తుచేయాలి.

బంధువుల బాధ్యత

రోగిని పరామర్శించడం తోటి ముస్లిం పట్ల మన బాధ్యత. అందుకే కబురు తెలియగానే ఖాలాలు, ఫుప్పూలు, పిల్లాపాపలతో సహా బయలుదేరుతారు. వారి మనసు మంచిదే. అయితే ఆ రాకతోపాటు వైరస్ కూడా లోపలికి రావచ్చు. ఇంటి కోడలో, అల్లుడో పెద్దలతో "రావద్దు" అనలేరు. అంటే జీవితాంతం నిష్ఠూరం మిగులుతుంది. ఆ మాటను కుటుంబ పెద్దే అందరికీ చెప్పి ఆ భారాన్ని తాను మోయాలి. బంధువులు ఫోన్‌లో పలకరించవచ్చు, వండిన అన్నం గుమ్మం దగ్గర పెట్టి రావచ్చు, రక్తం అవసరమైనప్పుడు దాతలను కుదర్చవచ్చు. రాత్రింబవళ్లు సేవలో అలసిపోయిన భర్తనో, భార్యనో "నువ్వు తిన్నావా?" అని అడగడం కూడా పరామర్శే.

రోగులందరికీ అల్లాహ్ స్వస్థతను, వారి సేవలో ఉన్నవారికి సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.