సున్నా చూసి సంబరపడొద్దు!

గాజు తొట్టెలో పగడాలు పెంచాలంటే నీళ్లు తేటగా ఉంటే చాలదు. వాటికి తిండి దొరకాలి. కొత్తగా పెట్టిన రీఫ్ అక్వేరియంలలో పగడాలు చాలాసార్లు చచ్చిపోయేది మురికి వల్ల కాదు, ఆకలి వల్ల!

నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి. నైట్రేట్ పరీక్ష చేస్తే సున్నా. ఫాస్ఫేట్ చూస్తే అదీ సున్నానే. చేపల తొట్టె పెట్టుకున్నవాళ్లకి ఇంతకంటే శుభవార్త ఏముంటుంది? కానీ ఆ తొట్టెలో పగడాలుంటే మాత్రం కంగారు పడాల్సిందే. కొన్ని వారాల్లోనే గోధుమ రంగు పగడం లేత పసుపులోకి, ఆ తర్వాత తెలుపులోకి తిరుగుతుంది. కొమ్మల మొదళ్ల దగ్గర చర్మం ఊడి లోపలి సున్నపు ఎముక బయటపడుతుంది. ఇసుక మీద చీమిడిలాంటి గోధుమ రంగు జిగురు పరుచుకుంటుంది, దాని నిండా గాలి బుడగలు. నత్తలు ఒక్కొక్కటే బోర్లా పడతాయి. యజమాని మాత్రం 'నీళ్లు ఇంత శుభ్రంగా ఉంటే ఇదేం ఖర్మ' అని ఇంకాస్త శుభ్రం చేస్తాడు. చావు ఇంకాస్త త్వరగా వస్తుంది.

ఉప్పునీటి తొట్టెలో బతికున్న పగడాలను పెంచడమే రీఫ్ అక్వేరియం. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రం నుంచి తెచ్చిన సజీవమైన రాళ్లతో, గాలి బుడగలతో తొట్టెలు ఎలా నడపొచ్చో 1961లో ఒక అమెరికన్ పత్రికలో రాశాడు. ఇవాళ అమెరికా, ఐరోపా దేశాల్లో ఇదో పెద్ద సరదా. జేబుకు చిల్లు పెట్టే సరదా కూడా! మన దేశంలో మాత్రం దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. అంటే పులికి ఉన్నంత రక్షణ అన్నమాట. మన్నార్ సింధుశాఖలోనో, లక్షద్వీప్‌లోనో, అండమాన్‌లోనో ఓ కొమ్మ విరుచుకొచ్చి ఇంట్లో పెట్టుకుంటామంటే కుదరదు. అలాంటప్పుడు ఈ గొడవ మనకెందుకు అంటారా? తొట్టెలో పగడం ఎందుకు ఆకలికి చస్తుందో తెలిస్తే సముద్రంలో అది ఎలా బతుకుతోందో తెలుస్తుంది. పైగా మన గోదావరి జిల్లాల రొయ్యల రైతులు ఇందులో సగం పాఠం ఎప్పుడో నేర్చేసుకున్నారు.

డార్విన్ చిక్కుముడి

పగడపు దిబ్బల గురించి ఛార్లెస్ డార్విన్ 1842లో ఏకంగా ఓ పుస్తకమే రాశాడు. ఆయన పేరు మీదే ఓ చిక్కుప్రశ్న ఉంది. దిబ్బల చుట్టూ ఉండే నీలి సముద్రంలో పోషకాలు దాదాపు శూన్యం. ఒకరకంగా అది నీటి ఎడారి. అలాంటి చోట అంత జీవరాశి ఎలా పుట్టుకొచ్చింది?

జవాబులో మొదటి ముక్క చాలాకాలంగా తెలిసిందే. పగడం ఒంట్లో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురం ఉంటాయి. అవి ఎండతో పిండివంట చేసి ఇంటి యజమానికి పెడతాయి. కానీ పిండివంటతోనే ఒళ్లు పెరగదుగా! కండకు నత్రజని, భాస్వరం కావాలి. అవెక్కడివి? బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన యోర్గ్ వీడెన్‌మాన్, సిసిలియా డి ఏంజెలో బృందం 2023లో 'నేచర్' పత్రికలో దీని గుట్టు విప్పింది. నీళ్లలో కరిగి ఉన్న నైట్రేట్, ఫాస్ఫేట్లను ఆ శైవలాలు పీల్చుకుని పెరుగుతాయి. మిగులు శైవలాలను పగడం అరిగించుకుంటుంది. పెరట్లో కూరగాయలు పండించుకుని కోసుకు తిన్నట్టే! హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల్లోనూ దీనికి ఆనవాళ్లు దొరికాయి. సముద్ర పక్షులు ఎక్కువగా ఉన్న దీవుల చుట్టూ పగడాలు మరింత వేగంగా పెరుగుతున్నాయి. ఆ పక్షుల రెట్టే వాటికి ఎరువు.

ఇదే బృందం 2013లో మరో సంగతి బయటపెట్టింది. నైట్రేట్ ఉండి ఫాస్ఫేట్ కరవైతే పగడాలు వేడికీ వెలుతురుకీ తొందరగా తెల్లబోతాయి. రెండింటిలో ఒక్కటే సున్నా అయినా చేటేనని తొట్టెలు పెంచేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇందుకే.

మరి సముద్రంలో పోషకాలు అంత తక్కువే కదా, తొట్టెలో మాత్రం ఎందుకు ఉండాలి? న్యాయమైన ప్రశ్నే. సముద్రం కదలకుండా కూర్చోదు. నీళ్లలో పోషకం పిసరంతే ఉన్నా కొత్త నీరు రాత్రింబవళ్లు పగడాన్ని ఒరుసుకుంటూ పోతుంది. చీకటి పడితే సూక్ష్మజీవులు గుంపులుగా పైకొస్తాయి, పగడం చేతులు చాచి వాటిని పట్టుకుంటుంది. తొట్టెలో ఆ ప్రవాహమూ లేదు, ఆ విందూ లేదు. అవే నాలుగు బిందెల నీళ్లు తిరిగి తిరిగి వస్తుంటాయి. అందుకే నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉండేలా చూసుకోమంటారు అనుభవజ్ఞులు.

బెల్లం, వోడ్కా... ఒకటే సూత్రం

భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి నీళ్లు తేటగా ఉన్నాయని మెచ్చుకుంటే రైతు నవ్వుతాడు. 'నీళ్లకి రంగు రాలేదు' అని ఆయన బాధ. రంగు రాలేదంటే ప్లవకాలు లేవని, ప్లవకాలు లేవంటే రొయ్య పిల్లకు తిండి లేదని. తవుడు, బెల్లం, ఈస్టు కలిపి పులియబెట్టి చెరువులో చల్లేది అందుకే. అమ్మోనియా పెరిగితే మళ్లీ బెల్లమే మందు. అది తిని బ్యాక్టీరియా పెరుగుతుంది, పెరగడానికి నీళ్లలోని నత్రజనిని లాగేసుకుంటుంది.

సరిగ్గా ఈ పనే రీఫ్ తొట్టెల్లో వోడ్కాతోనో వెనిగర్‌తోనో చేస్తారు! నైట్రేట్ ఎక్కువైన పాత తొట్టెకి అది చక్కటి వైద్యం. చిక్కల్లా ఎక్కడంటే, జబ్బు లేని కొత్త తొట్టెకి కూడా ముందు జాగ్రత్త పేరుతో ఆ మందు పోసేయడం.

నైట్రేట్ విషమనీ, ఫాస్ఫేట్ నాచుకు మేత అనీ ఒకప్పటి పుస్తకాలు భయపెట్టాయి. అప్పట్లో ఆ భయానికి అర్థముంది, పరికరాలు అంతంతమాత్రం. ఇప్పుడు మొదటి రోజు నుంచే అన్నీ బిగించేస్తున్నారు. నురుగుతో మలినాన్ని లాగేసే ప్రొటీన్ స్కిమ్మర్, ఫాస్ఫేట్‌ను పట్టేసే ఐరన్ ఆక్సైడ్ గుళికలు, పక్క గదిలో దీపం కింద పెరిగే కీటోమార్ఫా నాచు... వీటన్నింటికీ పని చెప్పడానికి తొట్టెలో ఉన్నవి రెండంటే రెండు చేపలు. పది మంది వడ్డించడానికి నిలబడితే పంక్తిలో ఒక్కడే కూర్చున్నట్టు! దానికి తోడు ఇప్పుడు చాలామంది వాడేది సముద్రం నుంచి తెచ్చిన సజీవ శిల కాదు, ఎండు రాయి. దిబ్బలను దోచుకోకుండా ఉండటానికి అది మంచిదే. కానీ కాల్షియం కార్బొనేట్ రాయి ఫాస్ఫేట్‌ను తన ఒంటికి అంటించుకుంటుంది. కొత్త రాయి కడుపు నిండేదాకా నీళ్లలో మిగిలేది సున్నా.

ఇలా ఖాళీ అయిన చోటులోకే డైనోఫ్లాజెల్లేట్లు జొరబడతాయి. మొదట్లో చెప్పిన చీమిడి జిగురు వీటిదే. మామూలు నాచు, మంచి బ్యాక్టీరియా ఆకలితో నీరసించిపోతే పోటీ లేని బయల్లో ఇవి రాజ్యమేలతాయి. వీటిలో ఆస్ట్రియాప్సిస్ అనే రకం మరీ ప్రమాదకారి. 2005 వేసవిలో ఇటలీలోని జెనోవా తీరంలో దీని జాతే విజృంభిస్తే, గాలిలోకి లేచిన తుంపర్లు పీల్చిన సుమారు 200 మంది ఆసుపత్రుల పాలయ్యారు. తొట్టెలో జిగురు కనిపించగానే గోకి, నీళ్లు మార్చేస్తే పోతుందనుకుంటారు. ఉన్న కాస్త పోషకమూ పోయి అది ఇంకా బలుస్తుంది. తొట్టె శుభ్రం చేసే చేతులకు తొడుగులు వేసుకోవడం మాత్రం మరిచిపోకూడదు.

ముందు చేపలకు పెట్టండి

మొదట సున్నా నిజంగా సున్నాయేనా అన్నది తేల్చుకోవాలి. ఫాస్ఫేట్ కొలిచే పరికరాల్లో వందో వంతుల తేడా మామూలే. రెండు మూడు రోజులు వరసగా పరీక్షించాలి. రాళ్ల మీద పచ్చటి నాచు గుబురుగా పెరుగుతూ పరీక్షలో సున్నా వస్తోందంటే పోషకం లేదని కాదు, వచ్చింది వచ్చినట్టు నాచే తినేస్తోందని. అక్కడ వైద్యం వేరు.

నిజంగానే సున్నా అయితే చౌకైన మందు చేపల తిండే. రోజుకోసారి వేసేది రెండుసార్లు వేయాలి. వీలుంటే మరో చిన్న చేపను చేర్చాలి. చేప వదిలే అమ్మోనియా పగడానికి నైట్రేట్ కన్నా సులువుగా ఒంటబడుతుంది. ఐరన్ ఆక్సైడ్ గుళికలు తీసేయాలి. నాచు గదిలో దీపం వేళలు తగ్గించాలి. స్కిమ్మర్‌ని పూర్తిగా ఆపేయడం మంచిది కాదు. నీటికి ప్రాణవాయువు అందించేదీ అదే కాబట్టి దాని జోరు తగ్గిస్తే చాలు. దీపాల వెలుతురు కూడా కొంచెం దించాలి. పస్తులున్నవాణ్ని ఎండలో పరుగెత్తించకూడదుగా! ఆల్కలినిటీని సముద్రంలో మాదిరి 7, 8 డీకేహెచ్ దగ్గర ఉంచాలి. పోషకాలు లేని నీటిలో అది 10 దాటితే కొమ్మల చివర్లు మాడిపోతాయి.

అప్పటికీ ముల్లు కదలకపోతే పోషకాన్ని నేరుగా కలపాలి. ఇక్కడే తొందర పనికిరాదు. 200 లీటర్ల నీటిలో నైట్రేట్ ఒక్క పీపీఎం పెరగడానికి సోడియం నైట్రేట్ 0.27 గ్రాములు చాలు. ఇక ఫాస్ఫేట్ 0.02 పీపీఎం పెంచడానికి కావాల్సింది 4 మిల్లీగ్రాములు. అంటే బియ్యపు గింజ బరువులో ఐదో వంతు! చిటికెలతో పని జరగదు. పలచటి ద్రావణం చేసుకుని చుక్కల్లో వేయాలి. రోజుకి నైట్రేట్ ఒకటి, ఫాస్ఫేట్ 0.02కి మించి పెంచొద్దు. తోటకు వేసే ఎరువులైతే దగ్గరికి రానీయొద్దు. వాటిలో రాగి లాంటివి ఉంటే పగడాలు, నత్తలు, రొయ్యలు అన్నీ పోతాయి.

ఇంకో చిత్రం జరుగుతుంది. రాత్రి వేసిన ఫాస్ఫేట్ తెల్లారేసరికి మాయం. రాయి మింగేసిందన్నమాట. మళ్లీ వేయాలి, మళ్లీ కొలవాలి. కొన్ని తొట్టెల్లో ఇలా వారాలు గడుస్తాయి. కోపమొచ్చి ఒకేసారి పదింతలు పోసేవాళ్లు ఉంటారు. రాయి కడుపు నిండిన మర్నాడు వాళ్లకి నాచు పండగే.

ఈ లెక్కల మధ్య రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి అని ఒక మాట వినిపిస్తుంటుంది. అమెరికన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ 1934 నుంచి చేసిన పరిశీలనల్లోంచి వచ్చింది. సముద్రపు ప్లవకాల్లో నత్రజని, భాస్వరం అణువులు 16:1 పాళ్లలో ఉంటాయంటుంది. పరీక్ష అంకెల్లోకి మారిస్తే నైట్రేట్, ఫాస్ఫేట్ దాదాపు 10:1. నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.05 ఉన్న తొట్టెలో ఆ నిష్పత్తి 100:1. అయినా అందులో పగడాలు నిక్షేపంగా ఉంటాయి! నిష్పత్తి వెంట పడి ప్రతి వారం అంకెలు మార్చేకన్నా, రెండూ సున్నా కాకుండా, ఎగుడు దిగుడు లేకుండా చూసుకోవడం మేలు.

మందు పనిచేస్తోందని ముందు చెప్పేది పగడం కాదు, ముందరి గాజుపలక. వారాల తరబడి తుడవక్కర్లేకుండా మెరిసిన గాజు మీద పలచటి పచ్చపొర కనిపిస్తుంది. నత్తలు దాని మీద గీతలు గీస్తూ మేస్తాయి. రెండు మూడు రోజులకోసారి గాజు తుడవాల్సి వస్తోందంటే తొట్టెకి తిండి సరిపోతున్నట్టే లెక్క. పగడానికి రంగు తిరిగి రావడానికి మాత్రం ఇంకొన్ని వారాలు పడుతుంది. ముందు లేత గోధుమ, ఆపైన అసలు రంగు.