కుంగుబాటు మందులతో రొమ్ము క్యాన్సర్ వస్తుందా?

కుంగుబాటుకు మందులు వాడే మహిళల్లో చాలామందిని ఓ అనుమానం వెంటాడుతుంది: ‘ఏళ్ల తరబడి ఈ మాత్రలు మింగితే రొమ్ము క్యాన్సర్ వస్తుందట, నిజమేనా?’ ఇంట్లో అమ్మకో పిన్నికో ఆ జబ్బు వచ్చి ఉంటే భయం రెట్టింపవుతుంది. కొందరు డాక్టరుకు చెప్పకుండానే మాత్రలు పక్కన పెట్టేస్తారు. ఈ అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. దీని వెనక మూడు దశాబ్దాల పరిశోధన ఉంది. అయితే ఆ పరిశోధనలో తేలింది ఎంత, తేలనిది ఎంత అన్నది విడదీసి చూడాలి.

ఎలుకలతో మొదలైన అనుమానం

1992లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన లోర్న్ బ్రాండెస్ బృందం అమిట్రిప్టిలిన్, ఫ్లూఒక్సెటిన్ అనే రెండు మందులను ఎలుకలపై పరీక్షించింది. మనుషులు వాడే మోతాదుకు సమానంగా ఇచ్చినప్పుడు, ప్రయోగం కోసం కలిగించిన కణితులు వాటిలో త్వరగా పెరిగాయి. దీనికి ఓ వివరణా ఉంది. ఈ మందుల్లో చాలావరకు మెదడులో సెరటోనిన్ ప్రభావాన్ని పెంచుతాయి. సెరటోనిన్ పెరిగితే ప్రొలాక్టిన్ విడుదల కూడా పెరగవచ్చు. రొమ్ములో పాలు తయారయ్యేందుకు తోడ్పడే హార్మోను ఇదే. కాబట్టి అనుమానం అర్థం లేనిదేమీ కాదు. కానీ ఎలుకలో జరిగింది మనిషిలో జరగాలన్న నియమం లేదు.

ఏడు రెట్లా?

మనుషులపై జరిగిన అధ్యయనాల్లో బాగా కలవరపెట్టిన అంకె 2000లో వచ్చింది. కెనడాలోని ఒంటారియోలో జరిగిన ఓ అధ్యయనంలో, పారోక్సెటిన్ వాడిన వారిలో రొమ్ము క్యాన్సర్ అవకాశం 7.2 రెట్లు ఉన్నట్లు లెక్క తేలింది. వినగానే గుండె గుభేలుమంటుంది. కానీ ఆ అంకె పక్కనే ఇంకో రెండున్నాయి. అసలు విలువ 0.9 నుంచి 58.3 మధ్య ఎక్కడైనా ఉండవచ్చని పరిశోధకులే రాశారు. అంటే ముప్పు కొంచెం తగ్గి ఉండవచ్చు, యాభై రెట్లకు పైగా పెరిగి ఉండనూ వచ్చు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో దోష పరిమితి రాయకుండా కొలత ఒక్కటే రాస్తే మార్కులు పడవు. ఆరోగ్య వార్తలకూ అదే సూత్రం వర్తిస్తుంది. ఇంత వెడల్పాటి పరిమితి సాధారణంగా ఆ మందు వాడినవారు చాలా తక్కువమంది ఉన్నప్పుడు వస్తుంది.

2011లో ‘ప్లోస్ వన్’ పత్రికలో వచ్చిన సమీక్ష, రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు సంబంధించిన 61 అధ్యయనాలను ఒకచోట చేర్చింది. వాటిలో 20 సంబంధం ఉందన్నాయి. మిగిలిన 41లో సంబంధం కనిపించలేదు, లేదా ఈ మందులు కణాల పెరుగుదలను అడ్డుకున్నట్లు కనిపించింది. మనుషులపై జరిగిన అధ్యయనాలను కలిపి లెక్కగడితే ముప్పు 1.11 రెట్లు అని తేలింది. అంటే 11 శాతం ఎక్కువ.

ఈ శాతాన్ని మనుషుల లెక్కలోకి మార్చి చూద్దాం. ఉదాహరణకు, ఈ మందులు వాడని వెయ్యిమంది మహిళల్లో జీవితకాలంలో 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుందనుకుందాం. 11 శాతం పెరిగితే ఆ సంఖ్య సుమారు 33 అవుతుంది. మిగతా 967 మందికి తేడా ఏమీ లేదు. అదీ, ఆ ముగ్గురి తేడాకు మందే కారణమైతే!

అదే సమీక్ష మరో విషయం బయటపెట్టింది. ఔషధ కంపెనీలతో సంబంధమున్న పరిశోధకులు చేసిన 15 అధ్యయనాల్లో ఒక్కటీ ముప్పు ఉందని చెప్పలేదు. అలాంటి సంబంధం లేనివారి 46 అధ్యయనాల్లో 20 చెప్పాయి. ఇంతమాత్రాన ఎవరో మోసం చేశారని తీర్మానించలేం. కానీ ఏ అధ్యయనం గురించి చదివినా, దానికి డబ్బెవరు పెట్టారని అడగడం పాఠకుడి హక్కు.

మందా, జబ్బా?

ఇలాంటి అధ్యయనాల్లో పెద్ద చిక్కు ఒకటుంది. మందు వాడేవారికి, వాడనివారికి తేడా ఆ మాత్ర ఒక్కటే కాదు. కుంగుబాటులో ఉన్నవారు కదలకుండా ఉండిపోవచ్చు, బరువు పెరగవచ్చు, కొందరు మద్యానికి అలవాటు పడవచ్చు. ముట్లుడిగిన తరవాత అధిక బరువు, ఏ వయసులోనైనా మద్యం రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచుతాయి. తరచూ డాక్టరు దగ్గరకు వెళ్లేవారికి పరీక్షలూ ఎక్కువే జరుగుతాయి కాబట్టి కణితి బయటపడే అవకాశమూ ఎక్కువే. క్యాన్సర్ వచ్చాక ‘గతంలో ఏయే మందులు వాడారు?’ అని అడిగితే, రోగులు ఆరోగ్యవంతుల కన్నా ఎక్కువ గుర్తు చేసుకుంటారు. 11 శాతం లాంటి చిన్న తేడా పుట్టడానికి ఇవి చాలు.

నిజంగా జాగ్రత్త పడాల్సిన చోటు

అయితే ఒక సందర్భంలో మాత్రం డాక్టరును తప్పక అడగాలి. ఈస్ట్రోజెన్‌తో పెరిగే రొమ్ము క్యాన్సర్లకు టమాక్సిఫెన్ అనే మాత్రను ఏళ్ల తరబడి వాడతారు. కాలేయంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ దీన్ని ఎండోక్సిఫెన్‌గా మారుస్తుంది. కణితిని అణచడంలో అసలు పని చాలావరకు దానిదే. పారోక్సెటిన్, ఫ్లూఒక్సెటిన్, బుప్రోపియాన్ ఈ ఎంజైమ్‌ను గట్టిగా అడ్డుకుంటాయి. టమాక్సిఫెన్ వల్ల వచ్చే వేడి ఆవిర్లను తగ్గించేందుకూ పారోక్సెటిన్‌ను వాడటం ఉంది. అంటే ఒక మాత్ర తెచ్చిన బాధకు ఇచ్చే రెండో మాత్ర, మొదటిదాని పనినే దెబ్బతీసే అవకాశం ఉంది.

2010లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ ప్రచురించిన ఒంటారియో అధ్యయనం 2,430 మంది మహిళల రికార్డులను పరిశీలించింది. టమాక్సిఫెన్‌తో పాటు పారోక్సెటిన్ వాడిన కాలం పెరిగేకొద్దీ రొమ్ము క్యాన్సర్ మరణాలూ పెరిగాయి. 2016లో అదే పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనంలో మాత్రం పారోక్సెటిన్, ఫ్లూఒక్సెటిన్ వాడినవారికి, అదే కోవలోని ఇతర మందులు వాడినవారికి మరణాల్లో తేడా కనిపించలేదు. వాదన పూర్తిగా తెగలేదు. కానీ తెగేదాకా ఆగనక్కర్లేదు. వెన్లాఫాక్సిన్, ఎస్సిటాలోప్రామ్ వంటివి ఆ ఎంజైమ్‌ను అంతగా అడ్డుకోవు. అందుకే చాలామంది డాక్టర్లు వాటివైపు మొగ్గుతారు. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వాడేవారికి ఈ ఎంజైమ్ చిక్కు లేదు.

భయం కన్నా పెద్ద ముప్పు

నిమ్హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో ప్రతి 20 మంది పెద్దల్లో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు గురైనవారే. రకరకాల మానసిక రుగ్మతలున్న వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. చికిత్స అందిన కొద్దిమంది కూడా ఓ వార్త చూసి భయపడి మాత్రలు మానేస్తే, కుంగుబాటు తిరగబెట్టే ముప్పు అప్పటికప్పుడే ఎదురవుతుంది. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఒంట్లో కరెంటు పాకినట్లు అనిపించడం వంటివీ రావచ్చు. మానాలనుకుంటే డాక్టరు సలహాతో మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

రొమ్ములో గడ్డ, చర్మం లోపలికి లాగినట్లుండటం, చనుమొన నుంచి రక్తం వంటివి కనిపిస్తే, మందులు వాడుతున్నా లేకున్నా వెంటనే పరీక్ష చేయించుకోవాలి. క్యాన్సర్ చికిత్స చేసే డాక్టరుకు, మానసిక వైద్యుడికి ఒకరు రాసిన చీటీ మరొకరికి చూపించాలి. మనసు బాగాలేనప్పుడు మాట్లాడేందుకు టెలిమానస్ ఉచిత నంబరు 14416 ఉంది. అందులో తెలుగులోనూ మాట్లాడవచ్చు.