సముద్రాల ఆవల పుట్టిన మనుమరాలు

ఖుర్సీపార్‌లో ఏ సాయంకాలం నడిచినా ఒక అరుగు మీద శ్రీకాకుళపు యాస, పక్క అరుగు మీద ఛత్తీస్‌గఢీ వినవచ్చును. ఉక్కు కర్మాగారం కొరకు సోవియట్ దేశంతో 1955లో ఒప్పందం కుదిరిన నాటి నుండి మన పెద్దలు ఉత్తరాంధ్ర గ్రామాలను విడిచి ఇక్కడకు వచ్చినారు. వారి సంతానం ఇక్కడనే పుట్టినది. పుట్టిన చోటు ఒకటి, తల్లిదండ్రుల చోటు మరొకటి అయినప్పుడు కాగితం అడిగే ప్రశ్న మనకు కొత్తది కాదు. షెడ్యూల్డు కులాల ధ్రువపత్రానికి 1950 నాటికే ఈ ప్రాంతంలో నివాసమున్నట్లు ఆధారం చూపమన్నప్పుడు, అప్పటికి కర్మాగారమే లేదు గదా అని తలపట్టుకొన్న కుటుంబాలు మన వీధులలో ఎన్నో కలవు.

ఇప్పుడు అదే ప్రశ్న సముద్రాలు దాటి మనుమల వద్దకు చేరినది. మా ఇంట జరిగిన సంగతిని సోదర ఉద్యోగుల ముందు ఉంచుటకు కారణమిదే.

మా కుమారుడు భిలాయిలో పుట్టి, కర్మాగారం వారి పాఠశాలలో చదివి, ఉద్యోగరీత్యా బ్రిటన్ వెళ్ళినాడు. 2022లో అక్కడ మాకు మనుమరాలు జన్మించినది. ఆ దేశపు నియమం ప్రకారం 42 దినాలలోగా స్థానిక రిజిస్ట్రారు వద్ద నమోదు చేయించి, జనన పత్రం తీసుకొన్నాడు. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం చేతికి వచ్చినది గదా, ఇక చేయవలసినదేమున్నదని వాడూ అనుకొన్నాడు, మేమూ అనుకొన్నాము. పాపకు సింహాచలంలో పుట్టువెంట్రుకలు తీయించవలెనని మా శ్రీమతి మొక్కుకొన్నది. ఆ ప్రయాణానికి పాస్‌పోర్టు కావలసి వచ్చినప్పుడు గాని అసలు విషయం బయటపడలేదు. అప్పటికి బిడ్డకు పద్నాలుగు నెలలు.

“నాన్నా, పాప ఇంగ్లాండు పౌరురాలు కాదట. మన దేశపు పౌరురాలు కూడా ఇంకా కాలేదట” అని వాడు ఫోనులో చెప్పినప్పుడు నాకు నవ్వు వచ్చినది. తల్లి భారతీయురాలు, తండ్రి భారతీయుడు, బిడ్డ మరేమవుతుంది? చట్టం చదివిన తరువాత ఆ నవ్వు నిలువలేదు.

బ్రిటన్‌లో 1983 జనవరి 1 నుండి ఆ గడ్డపై పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. తల్లిదండ్రులలో ఒకరు ఆ దేశ పౌరులుగానో, అక్కడ స్థిరనివాసపు అనుమతి గలవారుగానో ఉండవలెను. ఉద్యోగపు వీసాపై ఉన్న మావాడికి ఆ అర్హత లేదు. ఇక మన దేశపు సంగతి. 1955 నాటి పౌరసత్వ చట్టంలోని నాలుగవ సెక్షను విదేశంలో పుట్టిన భారతీయుల సంతానానికి సంబంధించినది. తొలుత తండ్రి భారతీయుడైతేనే బిడ్డకు పౌరసత్వం. తల్లి లెక్కలోనికి వచ్చేది కాదు. 1992 డిసెంబరు 10 నుండి తల్లి అయినా, తండ్రి అయినా సరిపోయినది. అంతకంటె పెద్ద మార్పు 2004 డిసెంబరు 3న అమలులోనికి వచ్చినది. ఆ తేదీ నుండి విదేశంలో పుట్టిన బిడ్డ జననాన్ని ఒక సంవత్సరం లోపల భారత దౌత్య కార్యాలయంలో నమోదు చేయించవలెను. బిడ్డకు మరొక దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు వ్రాతపూర్వకంగా తెలుపవలెను. సంవత్సరం దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావలెను. నమోదు జరుగనిదే పౌరసత్వం లేదు.

ఇక్కడనే మనవారు పొరబడుతున్నారు. నెత్తురును బట్టి హక్కు తనంతట అదే వస్తుందని మన నమ్మకం. కొన్ని దేశాలలో అది నిజమే. థాయిలాండు కూడా మనవలెనే 1992లో తల్లి ద్వారా పౌరసత్వాన్ని విస్తరించినది. అక్కడి వారికి విదేశంలో పుట్టిన బిడ్డ పుట్టుకతోనే థాయి పౌరుడు. దౌత్య కార్యాలయం ఇచ్చే జనన పత్రం ఆ హక్కుకు రుజువు మాత్రమే. మన చట్టంలో 2004 తరువాత నమోదే హక్కును కలిగిస్తున్నది.

ఈ తేడా ఎంతవరకు పోగలదో లండను హైకోర్టు 2017లో ఇచ్చిన ఒక తీర్పు చూపినది. 2010లో బ్రిటన్‌లో పుట్టిన ఒక బాలిక తల్లిదండ్రులు భారతీయులే. ఆమె జననం మన దౌత్య కార్యాలయంలో నమోదు కాలేదు. కనుక ఆమె ఏ దేశానికీ చెందనిదేనని న్యాయస్థానం నిర్ణయించినది. దేశం లేని బిడ్డలకు ఐదేళ్ళ నివాసంపై బ్రిటిషు పౌరసత్వం ఇచ్చే సదుపాయం ఉన్నందున, కొందరు కావాలనే నమోదు మానుకొంటున్నారన్న అనుమానంతో ఆ ప్రభుత్వం 2022లో చట్టాన్ని బిగించినది. తల్లిదండ్రుల దేశపు పౌరసత్వం పొందే వీలుండి కూడా పొందని బిడ్డకు ఇప్పుడు ఆ దారి సుగమం కాదు.

మేము కావాలని మానుకొన్నవారము కాము. మమ్ములను ఆపినది ఒక పేరు. నా సర్వీసు పుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందున్నది. మావాడిని బడిలో చేర్చినప్పుడు హిందీ గుమాస్తా గారు చివరనున్న ‘రావు’నే వంశనామంగా వ్రాసుకొన్నారు. (ఈ ప్రాంతంలో మనమందరము ‘రావ్ జీ’లమే గదా!) పాస్‌పోర్టులోనూ అదే నిలిచినది. శ్రీకాకుళంలో తీసుకొన్న వివాహ ధ్రువపత్రంలో మాత్రం ఇంటిపేరు పూర్తిగా ఉన్నది. ఇద్దరూ ఒకరేనా అన్న సందేహం దరఖాస్తు దగ్గర వచ్చినది. నేను నైట్ షిఫ్టు దిగి దుర్గ్ కచేరీకి మూడుమార్లు తిరిగి, అఫిడవిట్ చేయించి, పాత మార్కుల జాబితాలు జతపరచి పంపినాను. ఆలస్యమునకు కారణం వివరిస్తూ అబ్బాయి వేరుగా లేఖ వ్రాసినాడు. అనుమతి రావడానికి ఏడు నెలలు పట్టినది. ఆ ఏడు నెలలు మా శ్రీమతి ఫోనులో మనుమరాలిని చూచుకొంటూ, జడ వేయదగినంత జుట్టు పెరిగినదని ఒకసారి సంతోషించేది, ఒకసారి కన్నీరు పెట్టుకొనేది.

పూర్వం మన జిల్లాల వారు రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను పనికి వెళ్ళినప్పుడు ఈ చిక్కు లేదు. 1937 ఏప్రిల్ వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక భాగమే. తరువాత అది వేరైనది, 1948లో స్వతంత్ర దేశమైనది. అక్కడ పుట్టిన పిల్లలు ఎవరన్న ప్రశ్న అప్పుడు లేచినది. తల్లిదండ్రులు గాని, తాతలు, అవ్వలు గాని అవిభక్త భారతంలో పుట్టి ఉంటే విదేశంలోని మన దౌత్య ప్రతినిధి వద్ద పౌరునిగా నమోదు కావచ్చునని మన రాజ్యాంగపు 8వ అధికరణం చెప్పినది. అక్కడ కూడా నమోదు అన్న మాట ఉన్నదని గమనించగోరుతాను. 1960 దశకంలో ఎందరో చేతి సంచులతో విశాఖపట్టణం తిరిగి వచ్చినారు.

అమెరికాలో మనుమలున్న మిత్రుల సంగతి వేరు. అక్కడ పుట్టిన బిడ్డకు ఆ దేశపు పాస్‌పోర్టు తీసుకొంటే మన పౌరసత్వపు నమోదు కుదరదు, ఓ.సి.ఐ. కార్డు తీసుకొనవలెను. తొలి కార్డులు 2006 జనవరిలో మన హైదరాబాదులోనే అందజేసినారు. అది జీవితకాలపు వీసా వంటిది. ఓటు హక్కు గాని, వ్యవసాయ భూమి కొనే హక్కు గాని ఇవ్వదు. తాత్కాలిక వీసాల వారి సంతానానికి జన్మహక్కును నిరాకరిస్తూ 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు జారీ చేయగా అది న్యాయస్థానాలకెక్కినది. కనుక అక్కడి వారు కూడా ఒక సంవత్సరపు గడువును గుర్తుంచుకొనుట మంచిది.

విదేశంలో నమోదు కాని బిడ్డతో స్థిరపడుటకు తిరిగి వచ్చినవారు, బిడ్డ వచ్చిన 60 దినాలలో ఇక్కడి రిజిస్ట్రారు వద్ద జననం నమోదు చేయించుకొనుటకు 1969 నాటి చట్టంలో వీలున్నది. అయితే అది జనన నమోదు మాత్రమే, పౌరసత్వం కాదు. ఈ రెంటినీ ఒకటిగా భావించి నిశ్చింతగా ఉన్న ఒక సహోద్యోగి నాకు ఎదురైనందువలన ఇది ప్రత్యేకంగా వ్రాస్తున్నాను.

మా మనుమరాలి పుట్టువెంట్రుకలు మూడవ ఏట సింహాద్రి అప్పన్న సన్నిధిలో తీయించినాము. గుండు మీద గంధం రాయగానే పాప ఏడ్చినది, మామ్మ నవ్వినది. మొన్న రెండవ మనుమడు అక్కడనే పుట్టినాడు. మూడవ వారంలోనే అబ్బాయి దరఖాస్తు పంపినాడు. ఈమారు ఇంటిపేరు ఎట్లు వ్రాయవలెనో ముందుగా నన్ను అడిగి మరీ వ్రాసినాడు.